బండి క్రింది ఎడము

బండి చేయించిన పెద్దలకు ఈ సంగతి నేను క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఇరుసుచివరను చక్రపు కుండను తొడిగి సీలను దిగగొట్టునప్పుడు వడ్రంగి కుండకును సీలకును నడుమ కొంచెము ఎడము విడుచును. ఎడము బొత్తిగా లేనిచో చక్రము పట్టివేయును. హెచ్చైనచో చక్రము ప్రక్కలకు జరుగుచు బండిని ఒకవైపునకు లాగును, ఎడ్లు అలసిపోవును. చూచువారికి ఆ ఎడము ఖాళీజాగావలె తోచును. పనివానికి మాత్రము అది బండిలోని ఒక భాగమే. కొయ్యను, ఇనుమును ఎట్లు కొలిచి పెట్టెనో, ఎడమును గూడ అట్లే కొలిచి పెట్టెను.

మోటారుబండి క్రింద నిట్టి ఎడము ఒకటి కలదు. ఇంజను పుట్టించిన బలమును వెనుక చక్రములకు మోసికొనిపోవు పొడవైన ఇనుపగొట్టమును మన పనివారు ప్రొపెల్లరు షాఫ్టు అందురు. క్లుప్తముగా షాఫ్టు అందురు. అది క్షణమునకు అనేక పర్యాయములు తిరుగుచుండును. దాని చుట్టును బండి అడుగురేకు, చట్రపు అడ్డదూలములు, పొగగొట్టము, బ్రేకు గొట్టములు ఉండును. వీనిలో దేనికిని తగులకుండ అది తిరుగవలెను. ఆ ఎడము ఎట్లేర్పడినది, బండిని మార్పించుకొనువారు దానిని ఎట్లు పోగొట్టుకొనుచున్నారు, పోయినదని కనిపెట్టుట ఎట్లు అనునవి నేటి ప్రసంగవిషయములు.

నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. చిన్ననాట అమరమును, లఘుకౌముదిని, తర్కసంగ్రహమును వల్లించి, తరువాత ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగును చరిత్రను చెప్పినవాడను. అయినను ఊరూరను జీపులను ఎత్తించుట, కార్లను దించుట, ఒక బండిలో వేఱొక బండి ఇంజనును పెట్టించుట చూచుచున్నాను. పని చేయించువారు మన బిడ్డలు. ఆ బండ్లలో కూర్చుండువారము మనము. కావున పెద్దలకు ఈ విషయము కొంత తెలిసియుండుట మేలని తలంచితిని.

మొట్టమొదట చిక్కెక్కడనో చూతము. ఇంజనును గేరుబాక్సును చట్రమునకు బిగించియుండును. వెనుక ఇరుసు కమానుపట్టీలకు కట్టియుండును. బాట గుంతలకు కమానులు అణగుచు లేచుచు నుండగా ఇరుసు క్రిందుమీదుగా కదలును. షాఫ్టు ఒక కొన కదలనిదానికిని, రెండవ కొన నిత్యము కదలుదానికిని తగుల్కొనియున్నదన్నమాట. కావున ఆ షాఫ్టు తిరుగుచునే వంగవలెను, తిరుగుచునే పొడవు హెచ్చుచు తగ్గుచు నుండవలెను, ఈ రెండును చేయుచు దేనికిని తగులకుండవలెను. ఈ మూడు కోరికలను తీర్చుటకై జరిగిన యత్నములే షాఫ్టు చరిత్ర.

వంగుట కొఱకు కనుగొన్న సాధనమును మన పనివారు క్రాసు అందురు. రెండు కవలకొమ్ముల నడుమ కూడికగుఱుతు ఆకారమున నొక ఇనుపముక్కను పెట్టుటయే దాని నిర్మాణము. ఐరోపాఖండమున దీనిని కార్డాను కీలు అని పిలుతురు. ఇటలీదేశపు వైద్యుడును గణితజ్ఞుడును అగు జెరోలామో కార్డానో (1501–1576) పేరు దానికి వచ్చినది. ఆయన వర్ణించినది ఓడ ఊగినను దిక్సూచి నిలుకడగా నుండునట్లు వ్రేలాడదీయు వలయములవంటి ఏర్పాటు. తిరుగు బలమును ఒక కఱ్ఱనుండి మఱొక కఱ్ఱకు కోణముగా అందించు కీలును చక్కగా వివరించినవాడు ఇంగ్లాండుదేశపు రాబర్టు హుక్కు. సూర్యుని పరికించు సాధనములను గూర్చి 1676లో ప్రకటించిన పుస్తకమున ఆయన దీనిని వర్ణించెను. ఆనాటికి మోటారు లేదు, ఆవిరియంత్రము సైతము గనులలో అడుగుపెట్టలేదు. ఆకాశమును చూచుటకు పుట్టిన కీలు రెండువందల యేండ్లకు పైబడి బాటమీదికి దిగినది.

హుక్కు అప్పుడే ఒక సంగతి గమనించెను. కీలు వంగియున్నప్పుడు ఒక కఱ్ఱ సమవేగమున తిరిగినను రెండవది సమవేగమున తిరుగదు. ఒక్క చుట్టులో రెండుమాఱులు తొందరపడును, రెండుమాఱులు వెనుకబడును. కోణము 10 డిగ్రీలైనచో నూటికి ఒకటిన్నర వంతు మాత్రమే హెచ్చుతగ్గులు. కోణము 30 డిగ్రీలైనచో నూఱుండవలసిన వేగము 86కును 115కును నడుమ ఊగిసలాడును. ఈ దోషమును పోగొట్టుటకు షాఫ్టు రెండు కొనలను రెండు క్రాసులు పెట్టి, రెండుచోట్లను కోణము సమానముగా నుండునట్లు అమర్చుదురు. ముందరి క్రాసు చేసిన అపరాధమును వెనుకటి క్రాసు దిద్దును. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. బండిని మార్చినప్పుడు మొదట చెడునది ఈ సమత్వమే.

మొదటి మోటారుబండ్లలో అనేకములు సైకిలువలె గొలుసుతో నడచినవి. ఫ్రాన్సుదేశమున లూయీ రెనో అను ఇరువదియొక్క యేండ్ల యువకుడు 1898లో తాను చేసిన చిన్న బండిలో గొలుసును మానివేసి షాఫ్టును పెట్టెను. ఆ సంవత్సరము డిసెంబరు 24వ తేదీని పారిసునగరపు నిటారైన లెపిక్కు వీథిని ఆ బండితో ఎక్కిచూపెను. చప్పుడు తగ్గినది, దుమ్ముబెడద తగ్గినది. క్రమముగా గొలుసుకు కాలము చెల్లినది. అమెరికాలో క్లారెన్సు స్పైసరు 1903లో తన క్రాసుకు పేటెంటు పొంది, 1904లో దానిని తయారుచేసి అమ్మసాగెను. అతని పేరు నేటికిని ఆ సరకులకు వాడుకలో నున్నది.

1908లో వెలువడిన ఫోర్డు టీ నమూనాలో షాఫ్టును లావుపాటి గొట్టములో దాచిరి. ఇరుసు త్రోపును ఆ గొట్టమే భరించును. షాఫ్టుకు ముందరి కొననే క్రాసు ఉండును. ఫ్రాన్సున హాచ్‌కిస్సు సంస్థవారి పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి వేఱు. షాఫ్టు పైకి కనబడునట్లు తిరుగును. దానికి రెండు క్రాసులు, పొడవు సర్దుకొనుటకు జాఱుడు పళ్ల జోడింపు ఉండును. ఇరుసు త్రోపును కమానుపట్టీలు భరించును. ఫోర్డువారు 1949 నమూనాతో తమ కార్లకును ఈ పద్ధతినే చేపట్టిరి. మన జీపులు, లారీలు ఈ వంశమువే.

ఇక ఎడము మాట. తొలినాళ్లలో కార్లు ఎత్తుగా నుండెడివి. షాఫ్టు క్రింద ఎంతో జాగా యుండెడిది. కాలక్రమమున కారు క్రుంగినట్లు కనబడవలెనను కోరిక ప్రబలినది. 1926లో అమెరికాలోని ప్యాకార్డు సంస్థవారు ఇరుసులోని చిన్న పళ్లచక్రమును పెద్ద చక్రపు నడిమికంటె క్రిందికి దించి అమర్చు పద్ధతిని ప్రవేశపెట్టిరి. దానితో షాఫ్టు కొన దిగినది. షాఫ్టు దిగగా కారు అడుగును గూడ దింపుటకు వీలు కలిగినది. మఱియు దింపవలెనన్నప్పుడు అడుగురేకు నడుమ గుఱ్ఱపుజీనువలె ఒక ఉబ్బును చేసి, ఆ సొరంగములో షాఫ్టును తిరుగనిచ్చిరి. వెనుక సీటు నడుమ కూర్చున్నవారి కాళ్లకు అడ్డమువచ్చు ఉబ్బు అదియే. అడుగు ఎంత దిగినను కొలిచి దింపిన నిపుణులు, కమాను పూర్తిగా అణగినప్పుడు సైతము షాఫ్టునకు కొంత ఎడము మిగుల్చుచు వచ్చిరి. ముందు చక్రములచే నడచు కార్లలో వెనుకకు పోవు షాఫ్టే లేదు. 1934లో సిట్రోయెన్ సంస్థవారి ట్రాక్షన్ అవాన్ కారును, 1959లో ఇంగ్లాండున వెలసిన మినీ కారును అట్టివి. అయినను వానికి చక్రముచక్రమునకు పొట్టి షాఫ్టులు కలవు. చక్రము మలగినను సమవేగము చెడని కీళ్లు వానికి కావలసివచ్చినవి. షాఫ్టు పొట్టిదైనను ఎడము అవసరమే.

సొంత బండిని మార్చుకొను వేడుక అమెరికాలో 1930 దశాబ్దమున బలపడినది. కాలిఫోర్నియాలోని ఎండిన సరస్సుల చదునునేలపై యువకులు పాత ఫోర్డు బండ్లకు మెఱుగులు దిద్ది పందెములు వేసెడివారు. 1937లో దక్షిణ కాలిఫోర్నియాలో వారి సంఘ మొకటి ఏర్పడెను. 1932లో ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో వెలువడిన ఫోర్డు కారు వారికి మిక్కిలి ప్రియమైనది. 1948 జనవరిలో వారికొఱకు హాట్ రాడ్ అను మాసపత్రిక గూడ పుట్టినది. వారు కారుపెట్టెను చట్రముపై మఱింత క్రిందికి దించిరి, చట్రమును కోసి ఇరుసుపై వంపు పెట్టిరి. అట్లు దించినవారికి అడుగురేకును కోసి షాఫ్టుకొఱకు సొరంగమును మరల ఎత్తుగా కట్టుట తప్పలేదు. కావున ఈ చిక్కు క్రొత్తది కాదు. బండిని మార్చు వేడుకయు, ఈ చిక్కును కలిసియే పెరిగినవి.

మన దేశమున నడచిన కథ దీనికి తలక్రిందులు. 1941నుండి యుద్ధమునకై తయారైన విల్లీసు జీపు మనకు పరిచితమే. 1947నుండి బొంబాయిలో మహీంద్రావారు జీపులను కూర్చసాగిరి. మనవారు కారును దించుటకంటె జీపును ఎత్తించుటకు ఇష్టపడుదురు. పెద్ద టైర్లు పట్టవలెనని కమానులో పట్టీలను చేర్తురు, కమాను కొక్కెములను పొడిగింతురు. పెట్రోలు ఖరీదునకు వెఱచి డీసెలు ఇంజనును పెట్టించినవారును అనేకులు.

దించినను ఎత్తినను చెడునది ఎడమే. అయితే చెడు తీరు వేఱు. కారును దించినప్పుడు పెట్టె క్రిందికి వచ్చును గాని ఇరుసు రాదు. అనగా పెట్టెను బట్టి చూడగా షాఫ్టు వెనుక కొన పైకి లేచినట్లు. బరువు వేసినప్పుడో, గుంతలో పడినప్పుడో కమాను అణగి షాఫ్టు సొరంగపు కప్పునకు తగులును. జోరుగా కదలించినప్పుడు ఇరుసు ముక్కు పైకి మెలిపడును, అప్పుడును తగులును. జీపును ఎత్తించినప్పుడు చట్రము పైకి పోవును, ఇరుసు క్రిందనే యుండును. షాఫ్టు వాలు హెచ్చును. చక్రము గుంతలోనికి వ్రేలాడినప్పుడు షాఫ్టు క్రిందికి దిగి, తన క్రింద నేదైన నున్నచో దానిని ఒరయును. ఒకదానిలో బరువు శత్రువు, రెండవదానిలో బరువు మిత్రము. ఈ భేదమును పట్టుకొన్నవానికి సగము పని తీరినట్లే.

కంటికి కనబడని ఎడము ఇంకొకటి కలదు. జాఱుడు పళ్ల జోడింపు లోపల ముందువెనుకలుగా మిగిలిన జాగా అది. ఎత్తించిన బండిలో షాఫ్టు చాలక ఆ పళ్లు అంచువఱకు బయటికి వచ్చును. ఒకనాడు ఊడిపోవుటయు కలదు. దించిన బండిలోను, పొడవైన గేరుబాక్సును క్రొత్తగా పెట్టిన బండిలోను అది లోనికి పూర్తిగా దూఱి, ఇంకను దూఱుటకు చోటు లేక గేరుబాక్సును సమ్మెటవలె కొట్టును. యజమాని మాటిమాటికి గేరుబాక్సు బేరింగులను మార్పించుచుండును. రోగ మొకచోట, మం దొకచోట.

వైద్యశాస్త్రమున రోగకారణమును కనుగొనుటకు నిదానమని పేరు. తెలుగున నిదానమనగా తొందరలేమి. ఈ రెండర్థములును ఇక్కడ కలిసివచ్చును. తర్కము చదివినవారికి అన్వయవ్యతిరేకములు తెలియును. ఏది యున్నచో చప్పుడుండునో, ఏది లేనిచో చప్పుడుండదో విచారించి కారణమును నిశ్చయించుటయే ఆ పద్ధతి. బండి విషయమున అడుగవలసిన ప్రశ్నలు కొన్నియే. చప్పుడు ఇంజనువేగముతో మాఱునా, బండివేగముతో మాఱునా? బండివేగముతో మాఱినచో చక్రములనో షాఫ్టునో అనుమానింపవలెను. గుంతలో మాత్రమే ఒక్క దెబ్బవలె వినబడునా? అట్లయినచో కమాను కదలికకు సంబంధించినది. కదలునప్పుడును, గేరు మార్చునప్పుడును టక్కుమనునా? అది అరిగిన క్రాసు కావచ్చును, పళ్ల వదులు కావచ్చును. వేగము హెచ్చినకొలది కంపము హెచ్చునా? షాఫ్టు వంగియుండవచ్చును, తూకము తప్పియుండవచ్చును, రెండు క్రాసుల కోణములు సమానముగా లేకపోవచ్చును. కంపము, తగులుట అనునవి రెండు వేర్వేఱు రోగములు. ఒకదానికి మందు రెండవదానికి పనిచేయదు.

మా ప్రాంతమున జరిగిన యొక ఉదాహరణము చెప్పెదను. ఒక యువకుడు పాత జీపును కొని ఎత్తించి, డీసెలు ఇంజనును పెట్టించెను. తూముమీది మిట్టను దాటి దిగునప్పుడు క్రింద గరగరమని చప్పుడు. మిట్ట ఎక్కునప్పుడు లేదు, చదునుబాటపై లేదు. పదిమంది ఎక్కినప్పుడు మిట్ట దిగినను లేదు. బరువు వేసిన బాగుపడుచున్నది గదా యని అతడు తృప్తిపడెను. పనివారు గుంతపై బండిని నిలిపి చూచిరి. షాఫ్టు చుట్టును రెండు వ్రేళ్ల ఎడము స్పష్టముగా నున్నది. వెనుక షాఫ్టు క్రాసులను రెండుమాఱులు మార్చిరి, చప్పుడు పోలేదు. ముందరి షాఫ్టు మాట ఎవ్వరును తలపలేదు. ముందు చక్రములకు బలమిచ్చు గేరును తాను వేయలేదు గనుక ఆ షాఫ్టు తిరుగనే తిరుగదని యజమాని వాదము.

లారీపనిలో తల నెరసిన మేస్త్రి యొకడు ఆ వాదమును ఒప్పుకొనలేదు. పాతజీపులో ముందు చక్రములు నేలపై దొరలుచున్నంతకాలము అవియే తమ షాఫ్టును త్రిప్పుచుండును. గేరు వేయుట వేయకుండుట ఇంజనుకు సంబంధించిన మాట మాత్రమే. ఆయన వెనుక చక్రములకు రాళ్లు పెట్టి, జాకీతో ముందరి చట్రమును ఎత్తి, చట్రము క్రింద గట్టి దిమ్మలు నిలిపి, చక్రములను గాలిలో వ్రేలాడనిచ్చెను. ఇంజను ఆపియుండగనే ముందరి షాఫ్టునకు సుద్ద పూసి చేతితో మెల్లగా త్రిప్పెను. సుద్ద ఒక్కచోట వలయముగా చెరిగిపోయినది. క్రొత్త ఇంజనుకొఱకు మళ్లించిన పొగగొట్టము షాఫ్టు క్రిందుగా పోవుచుండెను. చక్రములు వ్రేలాడినప్పుడు షాఫ్టు దిగి దానిపై కూర్చుండుచుండెను. పదిమంది ఎక్కినప్పుడు కమాను అణగి షాఫ్టు పైనుండును గనుక చప్పుడు లేదు. షాఫ్టుపై అప్పటికే గోరు ఇఱుకునంత గాడి పడియుండెను. నిలిపి చూచినవారికి కనబడని రోగము కదలికలో చూచినవానికి కనబడినది.

సుద్ద చెరిగిన తీరును గూడ ఆయన చదివి చెప్పెను. షాఫ్టుపై చుట్టును వలయముండి, ఎదుటివస్తువుపై ఒకేచోట నునుపైన మచ్చ యున్నచో షాఫ్టు సరియైనదే. ఎదుటివస్తువో, కోణమో తప్పు. షాఫ్టుపై ఒకప్రక్క మాత్రమే గీఱుడున్నచో షాఫ్టే వంగియున్నదని అనుమానింపవలెను. ఇదియే సాక్ష్యము. ధూమమును చూచి అగ్నిని ఊహించినట్లు, మచ్చను చూచి దోషమును ఊహింపవలెను.

కావున బండిని మార్పించినవారు ఎడమును మూడు స్థితులలో కొలిపింపవలెను: చక్రములు పూర్తిగా వ్రేలాడినప్పుడు, బండి తన బరువుపై నిలిచినప్పుడు, కమానులు పూర్తిగా అణగినప్పుడు. రేకునకును షాఫ్టునకును నడుమ మెత్తని బంకమట్టిముద్దను అంటించి, కమానును అణచి లేపి, ఆ ముద్ద ఎంత పలుచనైనదో కొలిచినచో మిగిలిన ఎడము తెలియును. బంకమట్టికి మొగమోటము లేదు. ఇంజను రబ్బరుదిండ్లను గూడ పరీక్షింపవలెను. అవి క్రుంగినచో గేరుబాక్సు తోక దిగి షాఫ్టు దారి మాఱును. కొన్నిబండ్లలో దిండ్లు మార్చుటతోనే జబ్బు కుదురును. జాకీని మాత్రమే నమ్మి బండిక్రిందికి ఎవ్వరును దూఱరాదు. ఇంజను నడచుచుండగా షాఫ్టు దగ్గఱకు చేతినిగాని, అంగవస్త్రమునుగాని పోనీయరాదు.

మందు సంగతి. తగులుచున్నదని రేకును సమ్మెటతో లోపలికి కొట్టుట సుళువు. కాని కారణము నిలిచియే యుండును. అడ్డువచ్చిన గొట్టమును మళ్లించుట, కమాను మితిమీఱి అణగకుండ రబ్బరు అడ్డును సరిచేయుట, కోణము చెడినచో ఇరుసునకును కమానుకును నడుమ తగిన చీలను పెట్టి సమత్వము కుదుర్చుట, పొడవు చాలనిచో షాఫ్టును నేర్పఱిచేత కొలిపించి మరల తూకము వేయించుట అను క్రమము మేలు. ఎడము కొఱకు సన్నని షాఫ్టు వేయించిన చాలుననుకొనువారు కలరు. దానికి ప్రకృతి విధించిన హద్దు కలదు. తిరుగు షాఫ్టు ఒకానొక వేగమునకు చేరగానే తాడువలె ఉబ్బి సుడి తిరుగును. ఈ విషయమును స్కాట్లండు పండితుడు ర్యాంకిను 1869లో చర్చించెను. షాఫ్టు పొడవు రెట్టింపైనచో ఆ అపాయపు వేగము నాలుగవవంతునకు దిగును. గొట్టము సన్నబడినను దిగును. సన్నని గొట్టము కొంత ఎడమును ఇచ్చి, అంతకంటె విలువగల నిబ్బరమును తీసికొనును.

ఇంతయు చెప్పుట ఒక చప్పుడుకొఱకు మాత్రము కాదు. ఒరసికొన్న షాఫ్టు విఱిగినచో, ముందరి కొన నేలపై పడి బాటను గ్రుచ్చుకొనవచ్చును. తిరుగుచున్న తునక బ్రేకు గొట్టమును తెంచవచ్చును. అందుకే 1951లో అమెరికాలో స్థాపితమైన జాతీయ హాట్ రాడ్ సంఘమువారు వేగపు పందెములలో పాల్గొను బండ్లకు, ముందరి క్రాసునకు 6 అంగుళములలోపల షాఫ్టు చుట్టును ఇనుపపట్టెడను బిగింపవలెనని నియమము చేసిరి. విల్లీసు జీపులోను, ఆ వంశపు పాత జీపులలోను ఇంకొక రహస్యము కలదు. వాని చేతిబ్రేకు చక్రములను పట్టుకొనదు. గేరుబాక్సు వెనుక, షాఫ్టు మొదటనే పట్టుకొనును. అట్టి జీపులో వెనుక షాఫ్టు విఱిగినచో బలము పోవుటయే గాక చేతిబ్రేకును నిష్ప్రయోజనమగును. ఘాటుబాటలో, ఎక్కుడులో, పెండ్లివారితో నిండిన జీపును తలచుకొనుడు. ఆ మేస్త్రి చూచిన గాడి ముందరి షాఫ్టుది. వెనుకటిదైనచో ఆ కథ వేఱుగా ముగిసియుండెడిది.

శాసనము మాటయు చెప్పవలెను. 1988 మోటారువాహనముల చట్టమున 52వ విభాగము, తయారీదారు నిర్ణయించిన లక్షణములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టువారు ఆ నిషేధమును గట్టిగా సమర్థించిరి. 2019లోనే చేసిన సవరణచట్టము, అక్రమముగా మార్పించిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాకుగాని, ఆఱునెలలవఱకు కారాగారమునకుగాని వీలు కల్పించినది. ఆ చట్టము ఎవరి వేడుకమీదను పగబట్టి పుట్టినది కాదు. బండిని కట్టినవాడు ఎన్నో పరీక్షలతో కూడబెట్టిన ఎడమును, ఎఱుగనివాడు ఒక్కపూటలో ఖర్చుపెట్టకుండుటకు అది వేసిన కట్ట.

రెండువేల మైళ్లు తిరిగిన పిమ్మట విఱుగునది మొదటినాడే చప్పుడు చేసియుండును. పిల్లలు జీపును ఎత్తింతుమని వచ్చినప్పుడు వలదని కసరుట ఒక పద్ధతి. అంతకంటె ఫలించునది, వారిని ఒక్క ప్రశ్న అడుగుట: కమాను పూర్తిగా అణగినప్పుడు షాఫ్టునకు ఎంత ఎడము మిగులును, చక్రము పూర్తిగా వ్రేలాడినప్పుడు ఎంత మిగులును? కొలిచి చెప్పగలిగినవానికి ఆ బండి గుట్టు తెలిసినది. చెప్పలేనివాడు కొలిచినదాక మన ఇంటి ఆడువారిని, పసివారిని ఆ బండి ఎక్కనీయకుండుటయే పెద్దరికము. సెలవు.